నందికొండ పెరుగుతుందా? హైదరాబాద్‌కు నీళ్లిచ్చే ఊరి లెక్క

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు ఎక్కితే ఈమధ్య మీరొకటి గమనించే ఉంటారు. తుర్కయంజాల్ దాటాక, ఇబ్రహీంపట్నం దాటాక, యాచారం దాటాక కూడా ప్లాట్ల బోర్డులు ఆగట్లేదు. ఫ్యూచర్ సిటీకి ఇన్ని నిమిషాలు, రీజినల్ రింగ్ రోడ్డుకు ఇన్ని నిమిషాలు అని ప్రతి బోర్డూ లెక్క చెప్తుంది. మాల్ దాటి, చింతపల్లి, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా పోతే దాదాపు 150 కిలోమీటర్ల దగ్గర ఆ రోడ్డు కృష్ణ ఒడ్డుకు చేరుతుంది. అక్కడున్న ఊరు నందికొండ. మనమంతా నాగార్జునసాగర్ అనే ఊరు.

హైదరాబాద్ ఇట్ల పెరుగుతూ పోతే, ఈ రోడ్డు చివరి ఊరికి ఏమవుతుంది? జనాభా పెరుగుతుందా, పని దొరుకుతుందా? దీని గురించే ఈ ఎపిసోడ్. భవిష్యత్తు గురించి అడిగితే చరిత్ర చెప్తావేంటి బ్రో అనకండి. ఈ ఊరికి "పెద్ద ఊరైపోతుంది" అన్న భవిష్యత్తు ఇది మొదటిసారి కాదు. మూడోసారి.

మొదటిసారి సుమారు 1700 ఏళ్ల కింద. ఇప్పుడు రిజర్వాయర్ నీళ్లున్న ఆ లోయలో విజయపురి అనే నగరం ఉండేది. ఇక్ష్వాకుల రాజధాని. శాతవాహనుల తర్వాత మూడో శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు మొదలుపెట్టిన వంశం అది. ఆయన కొడుకు వీరపురుషదత్తుడి కాలానికి ఆ లోయ నిండా బౌద్ధ విహారాలు, స్తూపాలు. ఇంట్రెస్టింగ్ ఏంటంటే, వాటికి డబ్బు పెట్టినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. రాజుగారి చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి దాత. బోధిసిరి అనే ఉపాసిక కట్టించిన వాటి జాబితా ఒక శాసనంలో ఉంది. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ప్రత్యేకంగా సింహళ విహారం ఉండేది. తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి. మెట్లు మెట్లుగా కట్టిన ఒక ప్రదర్శనశాల కూడా దొరికింది, చప్పట్లు కొడితే ఆ చివర వినపడేలా. అంటే అది కొండల మధ్య మారుమూల పల్లె కాదు, సముద్ర వ్యాపారంతో సంబంధమున్న నగరం.

ఒక వందేళ్లకు పైగా నడిచింది. నాలుగో శతాబ్దంలో ఇక్ష్వాకుల అధికారం పోయింది, పల్లవులు వచ్చారు, రాజధాని లేదు, దాతలు లేరు, నగరం కూడా లేదు. 1926లో ఏ.ఆర్. సరస్వతి అనే ఆయన అక్కడ శిథిలాలు గుర్తించేదాకా బయటి ప్రపంచానికి ఆ లోయ గుర్తులేదు. ఆ ఊరు దేనివల్ల పెరిగిందో చూడండి: రాజధాని, రేవుల వ్యాపారం, భక్తుల రాక. మూడూ బయటి నుంచి వచ్చినవే. అవి ఆగగానే ఊరూ ఆగింది. ఈ ప్యాటర్న్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండోసారి 1955. డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి నందికొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అంతకు ముందు 1952లో ఖోస్లా కమిటీ ఈ చోటే డ్యామ్‌కు బాగుంటుందని చెప్పింది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ దీనికోసం ఏళ్ల తరబడి తిరిగారు. ఇక్కడ చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. నెహ్రూ రాయి వేసిన రోజు నదికి ఈ పక్క హైదరాబాద్ రాష్ట్రం, ఆ పక్క ఆంధ్ర రాష్ట్రం. ఇక్కడ ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు, అక్కడ బెజవాడ గోపాలరెడ్డి. అంటే సాగర్ పుట్టిందే రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా. పదకొండు నెలల తర్వాత, 1956 నవంబర్ 1న రెండూ ఒకటయ్యాయి. 2014లో మళ్లీ రెండయ్యాయి. డ్యామ్ ఉన్నచోటే ఉంది, బార్డర్ మాత్రం పోయి వచ్చింది.

డ్యామ్‌ను కాంక్రీటుతో కాదు, రాతితో కట్టారు. ఎందుకంటే అప్పుడు మన దేశంలో సిమెంటూ కొరతే, పెద్ద యంత్రాలూ కొరతే, వాటిని తెప్పించడానికి విదేశీ మారకమూ కొరతే. కొరత లేనిది మనుషులకే. తలమీద రాళ్లు, గమేళాలు మోసుకుంటూ సర్వే కర్రల నిచ్చెనలెక్కిన వేలమంది చేతులతో లేచిన గోడ అది, 124 మీటర్ల ఎత్తు. పాలమూరు కూలీలు లేనిదే ఆ రోజుల్లో ఏ డ్యామూ లేవలేదని మన పెద్దోళ్లు అంటారు, అది ఊరికే అనే మాట కాదు. నందికొండకు పక్కన దేవరకొండ, అటు అచ్చంపేట, కల్వకుర్తి. వానాకాలం పంట ఎండితే పనికోసం కదిలిపోయే ప్రాంతాలు. దేశంలో ఎక్కడెక్కడో కాలువలు తవ్వి, ఇంటికొచ్చి చూస్తే తమ చెల్కలో బోరు కూడా పడని జనం.

ఆ పనివాళ్లు, ఇంజినీర్లు, గుమాస్తాలు ఉండటానికి కట్టినవే హిల్ కాలనీ, పైలాన్ కాలనీ. నది ఆవల విజయపురి సౌత్. క్వార్టర్లు, ఆస్పత్రి, స్కూళ్లు, క్లబ్బులు, సినిమా, సంత. చుట్టూ నల్గొండ పల్లెల్లో కరెంటు అంటే తెలియని రోజుల్లో ఇక్కడ వీధిదీపాలు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు. 1974 నాటికి 26 గేట్లూ బిగించడం అయిపోయింది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. మీరు 1965లో ఉన్నారనుకోండి. చేతిలో గ్రాఫ్ పేపర్ ఉంది. నందికొండ జనాభా 1955 నుంచి గీసుకుంటూ వచ్చి, అదే గీతను స్కేలు పెట్టి ముందుకు లాగారు. ఏమొస్తుంది? 2000 నాటికి ఇక్కడ ఒక మహానగరం వస్తుంది! నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు చూసిన సగం ప్రెజెంటేషన్లు ఇట్లాగే ఉండేవి. రెండు పాయింట్లు ఉంటే చాలు, ఎక్సెల్‌లో మూల పట్టుకుని కిందికి లాగేయడమే.

జరిగింది వేరే. డ్యామ్ కట్టడం అయిపోయింది, కూలీలు వేరే డ్యామ్‌కు పోయారు, ఇంజినీర్లకు ట్రాన్స్‌ఫర్లు వచ్చాయి. క్వార్టర్లు మిగిలాయి. వాటిలో రిటైరైనవాళ్లు, వాళ్ల పిల్లలు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు ఉండిపోయారు. కానీ ఇల్లు వాళ్లది కాదు, నేల ఇరిగేషన్ శాఖది. పట్టాల విషయం ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. పట్టా లేని ఇంటిమీద బ్యాంకు లోన్ రాదు, లోన్ లేనిదే మేడ లేవదు, షాపు పెద్దది కాదు. ఊరు పెరగకపోవడానికి ఏవేవో పెద్ద కారణాలు వెతుకుతాం గానీ, కాగితం లేకపోవడం కూడా పెద్ద కారణమే. ఇక్కడ మున్సిపాలిటీ అన్నది 2018లో గానీ రాలేదు. వచ్చినప్పుడు పెట్టిన పేరు మళ్లీ పాతదే, నందికొండ.

సరే, డ్యామ్ వల్ల ఎవరికి లాభమైంది? ఎడమ కాలువ కింద తెలంగాణలో 6 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ. మిర్యాలగూడలో వందకు పైగా రైస్ మిల్లులు లేచాయంటే ఈ నీళ్లవల్లే. కానీ రిజర్వాయర్‌కు ఆనుకునే ఉన్న దేవరకొండ వైపు నేల ఎత్తు. నీళ్లు పల్లానికి పోతాయి, ఎత్తుకు రావు. ఇళ్లముందు సముద్రం కనిపిస్తుంటే తాగడానికి బోరు నీళ్లు, ఆ బోరులో ఫ్లోరైడ్. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు వంగిన ఎముకలతో మనుషుల ఫొటోలు మీరు చూసే ఉంటారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అని పేరుంది. మన జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది ఆ జబ్బు పేరు మీద.

ఇప్పుడు జనాభా లెక్కలకు వద్దాం. ఇవి కాస్త నెమ్మదిగా చూడాలి. ఉమ్మడి నల్గొండ జిల్లా జనాభా 1991లో 28.52 లక్షలు, 2001లో 32.47 లక్షలు, 2011లో 34.88 లక్షలు. పెరుగుదల రేటు చూస్తే 1981 నుంచి 91 దాకా 25 శాతం, తర్వాతి పదేళ్లు 14 శాతం, ఆ తర్వాత 7 శాతం. ప్రతి పదేళ్లకూ దాదాపు సగానికి సగం పడిపోతూ వచ్చింది. పక్కనే ఉన్న ఉమ్మడి రంగారెడ్డి 2001లో 35.75 లక్షలు. 2011కి 52.97 లక్షలు. 48 శాతం! అంటే 2001లో ఈ రెండు జిల్లాలు దాదాపు సమానం. పదేళ్లలో ఒకటి 17 లక్షలు పెరిగింది, ఇంకోటి రెండున్నర లక్షలు కూడా పెరగలేదు.

ఎందుకు? పిల్లలు తక్కువ కనడం ఒక కారణం. తెలంగాణలో సగటున ఒక మహిళకు 1.8 మంది పిల్లలని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనాభా ఉన్నచోట ఉండాలంటేనే 2.1 కావాలి. కానీ అది రంగారెడ్డిలో మాత్రం ఎక్కువా? కాదు కదా. అసలు తేడా వలస. 2011 లెక్కల్లో ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్, గచ్చిబౌలి, కూకట్‌పల్లి ఇవన్నీ రంగారెడ్డి జిల్లాలో లెక్కపెట్టినవే. ఎల్బీనగర్‌లో నిలబడి నాలుగు ఇళ్లలో అడగండి మీదే ఊరని. నల్గొండ అనో, నకిరేకల్ అనో, దేవరకొండ అనో కనీసం రెండిళ్లలో వినిపిస్తుంది. రంగారెడ్డి 48 శాతంలో కొంత నల్గొండ జనమే. మన జిల్లా పెరగలేదని కాదు, పెరిగినవాళ్లు వేరే జిల్లా లెక్కలో పడ్డారు.

ఈ రేట్లను అట్లే లాగితే ఉమ్మడి నల్గొండ 2031కి 40 లక్షలు, రంగారెడ్డి కోటీ పదహారు లక్షలు అవుతాయి. నేను దీన్ని నమ్మట్లేదు, మీరూ నమ్మకండి. 2016 అక్టోబర్ 11న జిల్లాలే ముక్కలయ్యాయి. ఇప్పటి నల్గొండ జిల్లాకు 2011 లెక్కల ప్రకారం సుమారు 16 లక్షల మందే. పైగా 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగనే లేదు. అంటే ఇవాళ ఎవరైనా ఈ ప్రాంతపు జనాభా ఇంత అని గట్టిగా చెప్తే, పదిహేనేళ్ల పాత ఫొటో చూసి మనిషి ఎంత పొడుగున్నాడో చెప్పినట్టే.

మూడోసారి అన్నాను కదా, అది ఇప్పుడు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టింది. శ్రీశైలం హైవేకు, సాగర్ హైవేకు మధ్య 765 చదరపు కిలోమీటర్లు, 7 మండలాలు, 56 గ్రామాలు. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం, కందుకూరు, మహేశ్వరం, కడ్తాల్, ఆమనగల్ మండలాల్లోవి. అదే నెలలో హెచ్‌ఎండీఏ పరిధిని 10 వేల చదరపు కిలోమీటర్లు దాటించి 11 జిల్లాల్లోకి విస్తరించారు, నల్గొండ జిల్లాలో కొంత భాగం కూడా అందులో పడింది. రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్ మీదుగా సంగారెడ్డికి తిరుగుతుంది. ఆదిభట్లలో టీసీఎస్, టాటాల విమాన భాగాల ఫ్యాక్టరీలు, కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఇప్పటికే ఉన్నాయి.

వీటిలో ఏదీ నందికొండ కాదు. మ్యాప్ మీద చూస్తే ఔటర్ పక్కన ఆదిభట్ల. దాని తర్వాత ఫ్యూచర్ సిటీ. దాని అంచున రీజినల్ రింగ్. అక్కడి నుంచి ఇంకా 80, 90 కిలోమీటర్లు పోతే గానీ సాగర్ రాదు. రైలు లేదు. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావాలంటే బస్సులోనే జీవితం అయిపోతుంది. సిటీ దగ్గర పడితే ఊరు బాగుపడుతుందన్నది కూడా పూర్తి నిజం కాదు. తెలంగాణలో తలసరి ఆదాయంలో అందరికంటే పైన ఉండేది రంగారెడ్డి జిల్లా. 2016 దాకా ఆ జిల్లాలోనే ఉన్న వికారాబాద్ ఇప్పుడు అట్టడుగు జిల్లాల్లో ఒకటి. ఒకే పాత జిల్లా, ఒకే నగరం పక్కన. గచ్చిబౌలి డాలర్లను తాండూరు కంది చేనుతో కలిపి సగటు తీసి, జిల్లా రిచ్ అని ఏళ్లపాటు చెప్పుకున్నాం.

మరి ఫ్యూచర్ సిటీతో నందికొండకు సంబంధమే లేదా? ఉంది. నీళ్లు.

హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు ఇక్కడి నుంచే పోతాయి. మొదటి దశ 2004, రెండోది 2008, మూడోది 2015. ఒక్కో దశకు రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు. మూడూ కలిపి 270. లీటర్లలో చెప్పాలంటే రోజుకు 120 కోట్ల లీటర్ల పైమాట, ఏడాదికి 16.5 టీఎంసీలు. రిజర్వాయర్ పక్కన పుట్టంగండి దగ్గర తోడి, అక్కంపల్లికి పంపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ దగ్గర మళ్లీ మళ్లీ ఎత్తిపోసి సాహెబ్‌నగర్‌కు తెస్తారు. మనం సాగర్ రోడ్డు మీద వెళ్తుంటే పక్కనే భూమిలో నీళ్లు మనకు ఎదురొస్తుంటాయి. మాదాపూర్ హాస్టల్‌లో పొద్దున్నే బకెట్ నింపుకునే నల్గొండ పిల్లగాడికి ఆ నీళ్లలో కొన్ని తనకంటే ముందే సిటీకి వచ్చాయని తెలియదు.

ఇప్పుడు ఆ 765 చదరపు కిలోమీటర్లలో లక్షలమంది వస్తే, ఫ్యాక్టరీలు, డేటా సెంటర్లు వస్తే, నీళ్లెక్కడివి? గోదావరి నీళ్లు సిటీకి ఉత్తరం నుంచి వస్తాయి. దక్షిణాన దగ్గరున్నది కృష్ణ. సాగర్ నిల్వ సామర్థ్యం మొదట 408 టీఎంసీలు, పూడిక చేరి ఇప్పుడు 312 అని లెక్క. పూర్తి మట్టం 590 అడుగులు. 510కి దిగితే కాలువలకు ఇవ్వడం కుదరదు.

2023లో వానలు సరిగ్గా పడలేదు. 2023-24 యాసంగికి ఎడమ కాలువ కింద పంటలకు నీళ్లు లేవు. ఆ నవంబర్ 29 అర్ధరాత్రి, తెల్లారితే తెలంగాణ ఎన్నికల పోలింగ్ అనగా, ఏపీ పోలీసులు డ్యామ్ మీదికొచ్చి 13వ గేటు దాకా ముళ్లకంచె వేసి కుడి కాలువకు నీళ్లు వదిలారు. 26లో సగం 13, లెక్క పక్కా. తర్వాత కేంద్ర బలగాలు వచ్చి డ్యామ్ మీద కూర్చున్నాయి. 2024 ఎండాకాలంలో హైదరాబాద్ కోసం ఎమర్జెన్సీ పంపులు పెట్టి అడుగు నీళ్లు తోడారు. అంటే ఆ ఏడాది మిర్యాలగూడ పొలం ఎండింది గానీ మియాపూర్ కుళాయి ఆగలేదు. తాగునీరు ముందు, సాగునీరు తర్వాత అన్నది న్యాయమే, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ స్విమ్మింగ్ పూల్‌కు, కార్ వాష్‌కు పోయేది కూడా 'తాగునీరు' ఖాతాలోనే పోతుంది. దానిమీద ఎవరూ మాట్లాడరు.

మట్టం 510 కంటే కిందికి పోయినా తోడుకోవడానికి సుంకిశాల దగ్గర కొత్త ఇన్‌టేక్ కడుతున్నారు. 2024 ఆగస్టులో వరద ఒక్కసారిగా వచ్చి అందులో ఒక గోడ కూలిపోయింది. ఇటు నల్గొండ ఎత్తు ప్రాంతాలకు శ్రీశైలం నుంచి నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లది, 2005లో కాంట్రాక్టు ఇచ్చినా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి 8 మంది కార్మికులు లోపలే ఉండిపోయారు. సిటీ పైపులు మూడు దశలూ పదకొండేళ్లలో పూర్తయ్యాయి. ఫ్లోరైడ్ మండలాలకు సాగునీరు తెచ్చే సొరంగం ఇరవై ఏళ్లు దాటినా ఇంకా మిగిలే ఉంది. ప్రాధాన్యం ఏంటో దీన్నిబట్టి నాకైతే అర్థమైంది.

ఇంకోటి ఉంది. సిటీ వాడుకున్న నీళ్లు ఎక్కడికి పోతాయి? మూసీలోకి. మూసీ ఎక్కడికి పోతుంది? భువనగిరి, సూర్యాపేట దాటి మళ్లీ నల్గొండ జిల్లాకే, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సాగర్ డ్యామ్‌కు దిగువన. మంచినీళ్లు జిల్లా నుంచి పోతాయి, మురికినీళ్లు జిల్లాకు తిరిగొస్తాయి. సిటీ ఎంత పెరిగితే రెండూ అంత పెరుగుతాయి.

దీంతో పోల్చడానికి అమెరికాలో ఒక ఊరుంది, బౌల్డర్ సిటీ. హూవర్ డ్యామ్ కట్టేవాళ్ల కోసం 1931లో ఎడారిలో లేచిన కాలనీ. అచ్చం మన హిల్ కాలనీ. అప్పట్లో పక్కనున్న లాస్ వేగాస్ జనాభా 5 వేల చిల్లర. 1960 దాకా బౌల్డర్ సిటీ ప్రభుత్వ ఆస్తిగానే నడిచింది, ఆ ఏడాది సొంత మున్సిపాలిటీ అయింది. ఇవాళ లాస్ వేగాస్ చుట్టుపక్కల కలిపి 20 లక్షలు దాటింది. దూరం 40 కిలోమీటర్లే. బౌల్డర్ సిటీ జనాభా? సుమారు 15 వేలు. వాళ్లే కావాలని పెరగలేదు. ఏడాదికి ఇన్ని ఇళ్లకు మించి పర్మిషన్ ఇవ్వకూడదని 1979లో రూల్ పెట్టుకున్నారు. తమ ఎడారి భూమిని అమ్మేయకుండా సోలార్ కంపెనీలకు లీజుకిచ్చి, ఆ డబ్బుతో ఊరు నడుపుకుంటున్నారు. ఇక లాస్ వేగాస్ అయితే, ఇళ్లలో సింకుల్లో, బాత్రూముల్లో పోయే నీళ్లను దాదాపు మొత్తం శుద్ధి చేసి అదే రిజర్వాయర్‌లోకి తిరిగి పంపుతుంది. తీసుకున్నచోటే, శుభ్రం చేసి.

నందికొండకు, బౌల్డర్ సిటీకి తేడా డబ్బులో కంటే చేతిలో ఉన్న అధికారంలో ఎక్కువ. వాళ్ల భూమి వాళ్లది. మన మున్సిపాలిటీ వయసు పదేళ్లు కూడా లేదు, నేల ఇరిగేషన్‌ది, డ్యామ్ రెండు రాష్ట్రాల గొడవది, గుట్టలు అటవీ శాఖవి. పైపులో పోయే నీళ్లమీద ఊరికి రూపాయి రాదు.

అయితే ఊరికి దారే లేదా అంటే, ఉంది. చిన్న చిన్నవి. డ్యామ్ పవర్ హౌస్‌లో ఒక మామూలు యూనిట్‌తోపాటు ఏడు రివర్సిబుల్ యూనిట్లున్నాయి, మొత్తం 815 మెగావాట్లు. రివర్సిబుల్ అంటే కరెంటు మిగిలినప్పుడు నీళ్లను కింద నుంచి పైకి తోడి, అవసరమైనప్పుడు మళ్లీ వదిలి కరెంటు తీయొచ్చు. పెద్ద బ్యాటరీ అనుకోండి. పగలు సోలార్ పెరిగేకొద్దీ దీని విలువ పెరుగుతుంది. కానీ పవర్ హౌస్ నడపడానికి కావాల్సింది కొద్దిమందే. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంట్ 4,000 మెగావాట్లు, కడుతున్నప్పుడు వేలమంది, నడిపేటప్పుడు చాలా తక్కువ మంది. 1967 కథే మళ్లీ. యురేనియం గురించి ఇంకో ఎపిసోడ్ కావాలి. లంబాపూర్, పెద్దగట్టు గనులకు 2003లోనే జనం అడ్డం తిరిగారు, రిజర్వాయర్ పక్కన ఆ తవ్వకం రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

టూరిజం మీద నాకు కాస్త ఆశ ఉంది. 2022 మే 14న 274 ఎకరాల్లో బుద్ధవనం తెరిచారు. డ్యామ్ కట్టేముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదికి, ఒడ్డుకు తరలించారు. అంత పని చేసిన చోటు మన దగ్గర ఉంది. శ్రీలంక, థాయిలాండ్ నుంచి భక్తులు బుద్ధగయకు పోతారు, వాళ్లలో వందకొకరు ఇటు తిరిగినా ఊరు మారుతుంది. ఇప్పుడు జరిగేదేంటంటే గేట్లు ఎత్తారని వార్త రాగానే ఆదివారం హైదరాబాద్ నుంచి కార్లు వస్తాయి, రీల్ తీసుకుని, చేపలు తిని, చీకటి పడకముందే వెళ్లిపోతాయి. రాత్రి ఉండే టూరిస్టు పెట్టే ఖర్చు వేరు, సాయంత్రం పోయే టూరిస్టు పెట్టే ఖర్చు వేరు.

నా అంచనా అడిగితే, నందికొండ జనాభా వచ్చే ఇరవై ఏళ్లలో పెద్దగా పెరగదు. ఫ్యూచర్ సిటీ నిజంగా లేస్తే దేవరకొండ, పెద్దవూర పిల్లలు గల్ఫ్‌కో, ముంబైకో కాకుండా 100 కిలోమీటర్ల దూరంలో పనికి పోతారు, పండక్కి బండి మీద ఇంటికొస్తారు. అది మంచిదే. కానీ ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, తలుపులు వేసిన క్వార్టర్లు, రోడ్డు పక్కన సిటీవాళ్లు కొనిపెట్టుకున్న బీడు ప్లాట్లు. భూమి రేటు పెరగడాన్ని మనం అభివృద్ధి అంటున్నాం. రెండెకరాల రైతుకు అది ఒక్కసారి వచ్చే డబ్బు. కౌలుకు చేసుకునేవాళ్లకు అది చేను పోవడం.

ఇది తప్పని తేలాలంటే మూడు జరగాలి. క్వార్టర్లలో ఉన్నవాళ్ల చేతికి పూర్తి హక్కు కాగితాలు రావాలి. సిటీకి పోయే ప్రతి టీఎంసీకి ఇంత అని నందికొండ, పెద్దవూర, చింతపల్లి లాంటి దారి పొడవునా ఉన్న ఊళ్లకు వాటా రావాలి. మూసీలో వదిలే నీళ్లు శుద్ధయ్యాకే వదలాలి. మొదటిది జిల్లా ఆఫీసులో అయ్యే పని. మిగతా రెండు అడిగే ఎమ్మెల్యేను నేనింకా చూడలేదు.

తర్వాతి జనాభా లెక్కలకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ లెక్కలొచ్చాక మొత్తం జిల్లా సంఖ్య చూసి వదిలేయకండి. నందికొండ మున్సిపాలిటీ, పెద్దవూర, దేవరకొండ పేజీలు తెరవండి. తాళం వేసిన ఇళ్లు ఎన్నో చూడండి. ఆరేళ్లలోపు పిల్లలు 2011లో ఎంతమంది, ఇప్పుడెంతమంది చూడండి. తర్వాత యాచారం, ఇబ్రహీంపట్నం పేజీ పక్కన పెట్టి చూడండి. ఆ లెక్కలు వచ్చిన వారం మనం ఇదే ఎపిసోడ్ రెండో భాగం చేద్దాం. వచ్చే వారం మాత్రం వాడపల్లి, మూసీ కృష్ణలో కలిసే చోటు. ఉంటాను.